సాయవ్వ కంచెలో మూడు చదరాలు

దసరా సెలవుల నుంచి తిరిగొచ్చిన దగ్గర్నుంచీ మా స్టాఫ్‌రూములో ఒకటే ప్రశ్న. "హైదరాబాదు వైపు వెళ్లావుగా, ఏం తెచ్చావ్?" ముత్యాలని ఒకరు, లక్కగాజులని ఒకరు, పోనీ బిస్కెట్లయినా తేలేదా అని ఇంకొకరు. నేను వెళ్లింది గడ్డి కోసం. ఆ గడ్డి కూడా లేకుండా తిరిగొచ్చాను. ఎందుకు తేలేదో ఒక్క మాటలో చెప్పడం చేతగాక, అడిగిన వాళ్లందరి దగ్గరా తలనొప్పిగా ఉందని తప్పించుకుంటున్నాను. ఎన్నాళ్లని తప్పించుకుంటాను? ఆ వైపు ఎన్నడూ వెళ్లనివాళ్లు మాలో చాలామంది ఉన్నారు. వాళ్ల కోసం దారి సంగతులూ తిండి సంగతులూ రాస్తాను. మధ్యలో నా సిగ్గు కూడా వస్తుంది. దాన్ని వదిలేసి రాద్దామని ఒకసారి కూర్చున్నాను గానీ, అది తీసేస్తే ఈ ప్రయాణంలో మిగిలేవి సీతాఫలాలే.

నేను తెనాలిలో ఒక ఆడపిల్లల కాలేజీలో బోటనీ డిమాన్‌స్ట్రేటర్ని. లెక్చరర్ని కాను. ఈ తేడా బయటివాళ్లకు తెలియకపోయినా మా అటెండరుకు బాగా తెలుసు, నేను పిలిస్తే రెండో పిలుపుకు గానీ పలకడు. పిల్లలు నన్ను వెనకాల "గడ్డి మేడం" అంటారు. ఆ పేరు తెచ్చుకోవడానికి నేను పడిన కష్టం తక్కువేం కాదు. ఈమధ్యే పరిశోధనకు పేరు నమోదు చేయించుకున్నాను. అడవిలో చెట్ల కింద పెరిగే గడ్డి ఒకటి తీసుకుని, నీడలో ఎలా పెరుగుతుందో ఎండలో ఎలా పెరుగుతుందో చూసి రమ్మన్నారు మా ప్రొఫెసరు గారు. నేను ఎంచుకున్నది బోద గడ్డి. ఇళ్ల కప్పులకు వాడతారే, అది. సంగారెడ్డి అవతల రాళ్ల నేలల్లో బాగా ఉంటుందని విన్నాను. అక్కయ్య ఉండేదీ ఆ దగ్గర్లోనే.

కాలనీ గేటు లోపల

అక్కయ్యా బావగారూ రామచంద్రాపురంలో పెద్ద కర్మాగారం క్వార్టర్స్‌లో ఉంటారు. బావగారు అందులో ఫోర్‌మన్. గేటు దాటి లోపలికెళితే తెనాలి నుంచి కదిలినట్టే ఉండదు. ఈ వీధిలో గుంటూరువాళ్లు, ఆ వీధిలో కాకినాడవాళ్లు. ప్రతి పెరట్లో ఒక గోంగూర మడి. సైరను కూయగానే అన్ని ఇళ్లలోంచీ ఒకేసారి సైకిళ్లు బయటికొస్తాయి. ఎనిమిదేళ్లుగా ఇక్కడున్న మా అక్కయ్య, ఆ గేటుకు అవతలున్న ఊళ్లలో ఒక్కదాని పేరు కూడా చెప్పలేకపోయింది. రోజూ పాలు పోసే ఆమెను ఏ ఊరని అడగనే లేదట.

"ఆ ఊళ్లలోకి ఒక్కదానివీ ఎందుకే? గడ్డి మన క్వార్టర్స్ వెనకాల బోలెడుంది. అది కోసుకుపో" అంది అక్కయ్య.

"అది గరిక అక్కయ్యా."

"గరికకేం తక్కువ? వినాయకుడికే పనికొచ్చింది, మీ ప్రొఫెసరుకు పనికిరాదా?"

బావగారు పేపరు మడిచి, "జీపు సంగతి నాకొదిలెయ్. మా దగ్గర పని చేసే కంట్రాక్టరు ఒకాయన నా మాట కాదనడు" అన్నారు. అన్నట్టే మర్నాడు పొద్దున్నే గుమ్మం ముందు జీపు ఆగింది. ముందు అద్దం మీద ఎర్రటి అక్షరాలతో ఆన్ డ్యూటీ అని ఇంగ్లీషులో రాసి ఉంది. అది చూసి నేను నవ్వుకున్నాను. ఇంట్లో వాళ్లంతా గుమ్మంలో నిలబడి చేతులూపుతుంటే, ముందు సీట్లో చీర కుచ్చిళ్లు సర్దుకుని దర్జాగా కూర్చున్నాను.

పటాన్‌చెరులో చాయ్

డ్రైవరు నర్సింలుది ఇక్కడి పక్క ఊరే. మాట్లాడకుండా పది గజాలు కూడా నడపలేడు. "మేడం ఆంధ్రానా?" అని మొదలుపెట్టి, మా జీతాలూ మా వరి పంటలూ అన్నీ లాగేశాడు. పటాన్‌చెరు దగ్గర జీపు ఆపి చాయ్ తాగించాడు. మన వైపు టీకీ దీనికీ పోలికే లేదు. పాలు గంటల తరబడి మరిగి మరిగి మీగడ రంగుకు తిరిగి ఉంటాయి, చక్కెర పెదాలకు అంటుకుంటుంది. సాసర్లో పోసుకుని ఊదుకుంటూ తాగుతారు. నేను గ్లాసులో అడిగితే హోటలతను నన్ను జాలిగా చూశాడు.

రోడ్డు పక్కన సీతాఫలాల బుట్టలు పెట్టుకుని ఆడవాళ్లు కూర్చున్నారు. బుట్టెడు రూపాయి అంది ఒకామె. మా ఊళ్లో రూపాయికి చిన్న పళ్లు అయిదారు వస్తే గొప్ప. అయినా అలవాటుగా బేరమాడాను. ఆమె ఇంకో రెండు పళ్లు పైన వేసి, "తీస్కపో అక్కా, పండుగ పూట" అంది. అందులో బాగా పండిన దాన్ని దారిలోనే విప్పబోయి ఒళ్లంతా చేసుకున్నాను. ఆ మరక ఇంకా ఆ చీర మీద ఉంది.

చాయ్ దుకాణం ఎదుట పెద్ద మైదానం. అందులో కొత్త ఫ్యాక్టరీ షెడ్లు లేస్తున్నాయి. ఇనప కమ్ములు, కంకర గుట్టలు, పనివాళ్ల గుడిసెలు. ఇంకా ఏమీ కట్టని చోట నేలలో వరసగా మేకులు, వాటి తలల మీద ఎర్ర రంగు.

"గా మేకులున్నయి చూడుండ్రి, గాడ మా చెలక ఉండె" అన్నాడు నర్సింలు, చాయ్ ఊదుతూ. చెలక అంటే మన మెట్ట చేను. "ఒకనాడు జీపుల అచ్చిండ్రు. తాడు పట్టిండ్రు, మేకులు కొట్టిండ్రు, పోయిండ్రు. ఎవ్వర్నీ ఏం అడగలే. ఆ తర్వాత పరేషాన్ అయినం గని, ఏం చేస్తం? ఇగ ఇప్పుడు ఫ్యాక్టరోళ్ల జీపే నడుపుతున్న."

అయ్యో అన్నాను. నిజంగానే బాధపడ్డాను. బాధపడి, ఇంకో చాయ్ తాగి, జీపెక్కాను. ఈ మాట విన్న మనిషిని నేనే కదా అని ఇప్పుడు తల్చుకుంటే సిగ్గుతో ఒళ్లు చచ్చిపోతుంది.

సంగారెడ్డి, ఆఫీసుల వీధి

సంగారెడ్డి ఆఫీసుల ఊరు. కోర్టు, కచేరీలు, పాత జైలు, వాటి చుట్టూ స్టాంపు కాగితాలు అమ్మేవాళ్లు. చెట్ల కింద పల్లెల నుంచి వచ్చినవాళ్లు సద్ది మూటలు విప్పుకుని ఎవరి పిలుపు కోసమో కూర్చుని ఉంటారు. మా వైపు కోర్టుల దగ్గర ఇంత గోల ఉంటుంది, ఇక్కడ జనం మాత్రం గొంతు తగ్గించి మాట్లాడతారు.

నాకు మేకులు, తాడు కావాలి. గడ్డిని లెక్కించేటప్పుడు నాలుగు మేకులు కొట్టి, చుట్టూ తాడు కట్టి, గజం చదరం ఏర్పాటు చేసుకుంటాం. ఆ చదరంలో ఎన్ని దుబ్బులున్నాయి, ఎన్ని కంకులు వేశాయి అని చూస్తాం. వడ్రంగి దగ్గర చేయిద్దామంటే నర్సింలు, "కచేరీ ఎదురుంగ దుకాన్ల తయారుగ దొరుకుతయి మేడం" అని తీసుకెళ్లాడు. నిజంగానే దొరికాయి. గట్టి కర్ర మేకులు, తలకు ఎర్ర రంగు వేసి ఉన్నాయి. ఎంత బాగున్నాయో అనుకున్నాను. గడ్డిలో దూరం నుంచి కూడా కనిపిస్తాయి గదా అని ఆ రంగు నాకు తెగ నచ్చింది.

కంచె

కొండాపూర్ దాటాక తారు పోయింది, దుమ్ము మిగిలింది. దారి పక్క మనుషులు జీపు చూసి ఆగిపోయేవాళ్లు. మగవాళ్లు తలపాగా తీసి చేతులు జోడించేవాళ్లు. ఆడవాళ్లు పక్కకు తిరిగి నిలబడేవాళ్లు. మొదటి నమస్కారానికి నేను కంగారుపడి రెండు చేతులూ ఎత్తాను. నాలుగో ఊరు వచ్చేసరికి ఒక్క చెయ్యి కొంచెం ఎత్తడం వచ్చేసింది.

మనకు కంచె అంటే ముళ్లకంప. వాళ్లకు కంచె అంటే గడ్డి కోసం వదిలేసుకున్న నేల. ఊరి చివర వాలు మీద ఉందది. అక్కడక్కడా మోదుగ, తునికి, చండ్ర చెట్లు. వాటి మధ్య నడుం ఎత్తున బోద గడ్డి గాలికి వంగుతూ ఉంది. నేను జీపులోంచి దూకి పరుగెత్తాననే చెప్పాలి.

చూడని వాళ్లకు బోద ఎలా ఉంటుందో చెబుతాను. అది గరికలా పాకదు. దుబ్బు దుబ్బుగా లేస్తుంది. ప్రతి దుబ్బుకూ నేలలో గట్టి వేరుకుదురు ఉంటుంది. ఎండాకాలంలో పైన అంతా ఎండిపోయినా కుదురు చావదు, తొలకరికి అక్కణ్నుంచే మళ్లీ చిగురిస్తుంది. అలా ఏళ్ల తరబడి ఒకే దుబ్బు బతుకుతుంది. అడుగున పాత ఆకుల తొడుగులు ఎండి, చుట్టలు చుట్టుకుని ఉంటాయి. ఆకు సన్నగా, పొడుగ్గా, కొంచెం నీలం కలిసిన ఆకుపచ్చ. ఆకు కాడను వదిలే చోట పల్చటి పొర ఒకటి నాలుకలా నిలబడి ఉంటుంది. ఆకు నలిపితే నిమ్మా అల్లం కలిసిన వాసన వస్తుంది, ఆ ఘాటుకే పశువులు ముదురు బోదను ముట్టవు. కంకి అందం వేరే చెప్పాలి. చిన్న చిన్న గుత్తులు రెండేసి జతగా వస్తాయి. ఒక్కో జతకు పడవలాంటి ఎర్రటి తొడుగు. గుత్తిలో గింజలూ జతలే. ఒకటి కాడ లేకుండా ఊచను అంటిపెట్టుకుని, సన్నటి మీసంతో ఉంటుంది, గింజ పట్టేది అదే. రెండోది చిన్న కాడ మీద ఊరికే నిలబడుతుంది.

ఒక చదరం మోదుగ చెట్టు నీడలో, ఒకటి ఎండలో, ఒకటి వాగు గట్టున కొట్టించాను. నీడలో ఆకు పొడుగెక్కి కంకులు తగ్గాయి, ఎండలో దుబ్బులు గట్టిగా, కంకులు దండిగా ఉన్నాయి. అయితే కంకులు చాలావరకు ఇంకా తొడుగుల్లోనే ఉన్నాయి. పండగ అయ్యాక మళ్లీ వచ్చి, విచ్చుకున్నాక చూడాలి. అందుకని మేకులూ తాళ్లూ అలాగే వదిలేశాను.

ఈలోగా జనం చేరారు. దూరంగానే నిలబడ్డారు. వాళ్లలోంచి ఒక ముసలామె చెంబుతో నీళ్లు తెచ్చింది. "నీళ్లు తాగమ్మా, ఎండల నిలబడ్డవు" అంది.

"ఈ కంచె ఎవరిది?" అనడిగాను, నీళ్లు తాగాక. మా వైపు ఎవరి చేలోనైనా అడుగుపెట్టే ముందు ఒక కేక వేసి అడుగుతాం. ఇక్కడ మేకులు కొట్టాక అడిగాను.

"నాదేనమ్మా" అంది. మేకుల వైపు చూసి, "గిప్పటిదాంక నాదే" అంది.

ఆమె పేరు సాయవ్వ. ఆమె భర్త ఎప్పుడో పోయాడనీ, ఈ కంచె గడ్డే ఆమె బతుకనీ తర్వాత నర్సింలు చెప్పాడు. దీపావళి దాటాక గడ్డి పండి, పసుపు తిరిగాక కోస్తుందట. ఊళ్లో సగం కొట్టాలకు కప్పు ఆ గడ్డే. వాళ్లు బదులుగా ఆమెకు జొన్నలు కొలుస్తారు. ఈ యేడు తన ఇంటి కప్పు కూడా మార్చుకోవాలని చూస్తోందట. ఆ "గిప్పటిదాంక" అన్న మాట నా చెవిన పడింది. పడి, అక్కడే ఉండిపోయింది.

పటేలు గారింట్లో భోజనం

పటేలు అంటే ఆ ఊరికి పెద్ద. కబురు పంపి మరీ పిలిచారు. నులక మంచం మీద కొత్త దుప్పటి, కాళ్లు కడుక్కోవడానికి వేణ్నీళ్లు. జొన్న రొట్టె అంటే ఏదో గట్టి అట్ట అనుకునేదాన్ని. పొయ్యి మీంచి పళ్లెంలోకి నేరుగా వేస్తే దాని రుచే వేరు. నాటుకోడి కూర, పచ్చి పులుసు, ఉల్లిపాయ. కారం చెవుల్లోంచి వచ్చింది. గుంటూరు దగ్గరి మనిషిని, పరువు పోతుందని కిక్కురుమనకుండా తిన్నాను.

"గీ మా తిండి మీకు పడుతదో పడదో" అంటూ పటేలు గారు నిలబడే ఉన్నారు. కూర్చోమన్నా కూర్చోలేదు. ఆయన మా నాన్నగారి వయసువారు. నాకు రెండో రొట్టె వేయించి, చేతులు కట్టుకుని, అసలు సంగతి మొదలుపెట్టారు.

"మేడం, నేను దాచి మాట్లాడ. ఫ్యాక్టరీకి జాగ కావాలె, గది మాకెర్కే. మా చెలక రోడ్డుకు ఆనుకొని ఉన్నది. దాన్ని జెర విడిచిపెట్టుండ్రి. గా సాయవ్వ కంచె ఉన్నది గద, ఆడ రాళ్లు తప్ప పంట లేదు. గది తీసుకుంటే ఎవ్వరికి నష్టం లేదు."

అప్పుడు నాకు అంతా అర్థమైంది. జీపు, ఎర్ర తలల మేకులు, దండాలు, వేణ్నీళ్లు, కోడి. నోట్లో ముద్ద మింగి, "పటేలు గారూ, నేను కాలేజీలో పిల్లలకు మొక్కలు చూపించేదాన్ని" అంటే సరిపోయేది. ఒక్క వాక్యం. తెలుగులోనే.

అనలేదు. ఎందుకు అనలేదో ఇన్ని రోజులుగా నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. కోడి తిన్నాక చెప్పడానికి మొహం చెల్లలేదన్నది సగం నిజం. మిగతా సగం చెప్పడానికి ఇంకా సిగ్గు. నన్ను ఇంతవరకూ ఎవరూ ఏదీ బతిమాలలేదు. సెలవు కావాలన్నా, మైక్రోస్కోపు బీరువా తాళం కావాలన్నా నేనే ఒకరి గది ముందు నిలబడి అడగాలి. ఒక పెద్దమనిషి చేతులు కట్టుకుని నా ముందు నిలబడితే ఎలా ఉంటుందో ఆ పూట మొదటిసారి తెలిసింది. బాగుంది. చాలా బాగుంది.

"చూద్దాం లెండి" అన్నాను. మా ప్రిన్సిపాల్ గారు అనే తీరులోనే అన్నాను.

పటేలు గారి మొహం విప్పారింది. వసారా చివర స్తంభం పక్కన సాయవ్వ కూర్చుని ఉందని చేతులు కడుక్కోవడానికి లేచినప్పుడు చూశాను. ఆమె అంతా వింది.

పండగ

కాలనీలో పండగ మన పండగే. బొమ్మల కొలువు, పులిహోర, గారెలు. గేటు అవతల మాత్రం పక్క ఊరి ఆడవాళ్లు తంగేడు పూలు గుండ్రంగా పేర్చి బతుకమ్మ ఆడుతున్నారు. చప్పట్లు కొడుతూ, వంగి లేస్తూ, చుట్టూ తిరుగుతూ పాడతారు. మా అక్కయ్యా వాళ్లూ గేటు లోపల నిలబడి చూశారు. నేను బయటికెళ్లాను. ఎవరో తెలియని ఒకామె నా చేతిలో మలీద పెట్టింది. రొట్టె నలిపి బెల్లం కలిపి చేస్తారు. చలిమిడిని మరిచిపోయేంత బాగుంది.

ఆ రోజు భోజనాల దగ్గర నా దండాల కథ చెప్పాను. ఒక్క చెయ్యి ఎలా ఎత్తానో చేసి చూపించాను. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. "మా మరదలు కలెక్టరు" అన్నారు బావగారు. "చూద్దాం లెండి" అన్న మాట రెండుసార్లు చెప్పించుకున్నారు. చెబుతున్నప్పుడు సాయవ్వ స్తంభం పక్కన ఉందన్న ముక్క మాత్రం వదిలేశాను.

మళ్లీ కంచెకు

దూరం నుంచి చూసి దారి తప్పామనుకున్నాను. వాలు మీద గడ్డి లేదు. చెట్లు మాత్రం బోడిగా, సిగ్గుపడుతున్నట్టు నిలబడ్డాయి. నేలంతా పచ్చి మోళ్లు. నిమ్మా అల్లం వాసన జీపులోకే కొట్టింది. గట్టు మీద పచ్చి గడ్డి మోపులు కుప్పగా పడి ఉన్నాయి.

ఆ బోడి నేల మీద మూడు చోట్ల గడ్డి నిలబడి ఉంది. మోదుగ చెట్టు కింద ఒకటి, ఎండలో ఒకటి, వాగు గట్టున ఒకటి. ఎర్ర తలల మేకులు, చుట్టూ నా తాడు. తాడు లోపల ఒక్క పోచ కూడా తెగలేదు. కంకులు తొడుగుల్లోంచి పూర్తిగా బయటికొచ్చి, నేను కోరుకున్నంత అందంగా విచ్చుకుని ఉన్నాయి. తాడు బయట కొడవలి అంగుళం కూడా వదలకుండా కోసింది.

సాయవ్వ మోపులు కడుతోంది. నన్ను చూసి కొడవలి కింద పెట్టి లేచింది.

"అమ్మా, గవి నేను ముట్టలే. పశువులు రాకుంట కావలి గూడ ఉన్న" అంది. నేను బోడి నేల వైపే చూస్తుండేసరికి భయపడింది కాబోలు, గొంతు తగ్గించింది. "భూమి పోతదన్నరు. మరి గడ్డి గూడ సర్కారుకే పోతదని జల్దీ జల్దీ కోసిన. పండకుంటనే కోసిన. పచ్చి గడ్డి కప్పు మీదేస్తే పురుగు పట్టి మురిగిపోతదని తెలుసు, ఏం చెయ్యాలె? గిన్నన్న దక్కుతయని కోసిన." చదరాల వైపు చూసింది. "ఇగ గవి గూడ కోసుకోవచ్చునా అమ్మా?"

తన గడ్డి, తన నేల. నన్నడుగుతోంది.

నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే అది కూడా ఆమె నెత్తి మీదే పడుతుందని ఆపుకున్నాను. చెప్పేశాను. ఆఫీసర్ని కాననీ, కాలేజీలో గడ్డి గురించి చెప్పే మనిషిననీ, ఆ మేకులు సర్కారువి కావనీ, బజార్లో కొన్నాననీ. ఆమెకు సగమే అర్థమైంది. నర్సింలు వైపు తిరిగి, "ఏందిరా గీమె అనేది?" అంది.

"పంతులమ్మ అవ్వా. గడ్డి చూడనీకి అచ్చింది. భూమి పోదు" అన్నాడు వాడు, తల దించుకుని. నేను పంతులమ్మనని వాడికి ముందే తెలుసు. వాడు కూడా ఆ రోజు పటేలు గారింట్లో కోడి తిన్నాడు.

సాయవ్వ నా వైపు తిరిగింది. అంతవరకూ "అమ్మా" అన్న మనిషి ఆ తర్వాత అనలేదు.

"మొన్న పటేలింట్ల బువ్వ తినేటప్పుడు గూడ పంతులమ్మవేనా?"

"అవును."

"మరి చెప్పొద్దా?"

నాకు తెలిసిన ఒకే ఒక్క సంగతి చెప్పాను. దుబ్బులు చావలేదు, వేరుకుదురు బతికే ఉంది, వచ్చే వానలకు మళ్లీ ఇంతెత్తూ వస్తుంది అన్నాను. పరీక్షలో రాసే జవాబులా చెప్పాను.

"గడ్డి వస్తది, గది నాకెర్కే" అంది సాయవ్వ. "గడ్డి వచ్చేది వానలు పడినంక. కప్పు కావాల్సింది వానల కంటే ముందుగల. నడిమిట్ల నేనేడుండాలె?"

చేతిసంచీలోంచి పర్సు తీశాను. నర్సింలు దగ్గరికొచ్చి మెల్లగా, "వద్దు మేడం. ఇప్పుడు పైసలిస్తే నిజంగనే సర్కారు పైసలిచ్చి భూమి తీస్కున్నదనుకుంటరు. ఊరంత పరేషాన్ అయితది" అన్నాడు. పర్సు మళ్లీ లోపల పెట్టుకున్నాను. నా నోటి మాట అంత దూరం పోయిందన్నమాట, నా డబ్బు కూడా అబద్ధంగానే చెల్లుతుంది.

పటేలు గారు వచ్చారు. ఆయనకూ చెప్పాను. తిడతారనుకున్నాను. ఆయన ఒక్క క్షణం ఆలోచించి, "అంటే మా చెలకకు ఏం కాదు గద?" అన్నారు. కాదన్నాను. "సరే తీయుండ్రి" అని సాయవ్వ వైపు చూడకుండా వెనక్కి తిరిగి వెళ్లిపోయారు. అంత ఊరటపడిన మనిషిని నేను ఈమధ్య చూడలేదు.

మేకులు నేనే పీకాను. ఎవర్నీ చెయ్యి వేయనివ్వలేదు. మోదుగ నీడలోది, ఎండలోది, వాగు గట్టుది. సాయవ్వ నా వెనకే వచ్చి మూడు చదరాలూ కోసింది. నా పరిశోధన మొత్తం ఆ కొడవలికి ఎంతోసేపు పట్టలేదు. ఒక్క కంకి అడిగితే ఇచ్చేదేమో, అడగలేదు. ఆమె కోసిన గడ్డిని నా తాడుతోనే మోపు కట్టి నెత్తికెత్తుకుంది.

తిరుగు దారి

మేం బయల్దేరేసరికి ఆమె మాకంటే ముందు దారిలో నడుస్తోంది. ఊళ్లో వాళ్లకు సంగతి ఇంకా తెలియదు. జీపు చూసి ఎక్కడివాళ్లక్కడ ఆగి చేతులు జోడించారు. నేను ఒళ్లోకి చూస్తూ కూర్చున్నాను.

"దండం తీస్కోండ్రి మేడం" అన్నాడు నర్సింలు. "తీస్కోకుంటే మేడానికి కోపమొచ్చిందని భయపడుతరు."

చెయ్యెత్తాను. మొన్న నేర్చుకున్నట్టే, ఒక్క చెయ్యి, కొంచెం. ఊరి చివర సాయవ్వ పక్కకు జరిగి జీపుకు దారి ఇచ్చింది. నెత్తి మీద మోపు, చేతిలో కొడవలి. చెయ్యెత్తలేదు, మా వైపు చూడలేదు. ఆ దారి పొడుగునా నాకు దండం పెట్టనిది ఆమె ఒక్కతే.

ఇంటికి రాగానే బావగారి కాళ్లావేళ్లా పడ్డాను. ఒక ముసలామె ఇంటి మీదికి కంట్రాక్టరు దగ్గర్నుంచి రేకులు ఇప్పించండి, ఎంతైనా నేను ఇచ్చుకుంటాను, వానలు పడేలోగా కప్పించండి అన్నాను. ఎవరా ముసలామె, ఎందుకు అని ఆయన అడగలేదు. పేపరు తిరగేస్తూ, "చూద్దాంలే" అన్నారు.